పేరు చెబితే తెరుచుకునే తూము

హైమవతి మేడం గారికి,

ముందుగా క్షమించండి. నా రాత బురదలో ఎండ్రకాయ నడిచినట్టు ఉంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఎప్పుడూ అనుమానమే. అందుకని అనుమానం వచ్చిన చోటల్లా పెట్టేశాను. ఎక్కువైనవి మీరే తీసేసుకోండి. మా బడి పడవ మీద ఉండేది. నేను ఐదో తరగతిలో ఉండగా ఒక గాలివానకి తాడు తెగి మేష్టారితో సహా కొట్టుకుపోయింది. మేష్టారు క్షేమమే. తూర్పున ఏదో లంకలో తేలి, అక్కడి పిల్లలకి చెప్పుకుంటున్నారట. మా చదువు మాత్రం అక్కడితో ఆగింది.

శిక్షణలో చేరినవాళ్ళు రోజూ ఏం చేశారో మాటల పెట్టెకి చెప్పాలని మీరన్నారు. ప్రయత్నించాను. దాని ముందు కూర్చోగానే ఎర్ర దీపం వెలిగి "చెప్పండి" అంది. నేను కొంగు సర్దుకున్నాను. "ఏం లేదండి" అన్నాను. "నమోదు పూర్తయింది, ధన్యవాదాలు" అంది. అందుకే కాగితం మీద రాసి బియ్యం పడవలో పంపిస్తున్నాను.

జలదుర్గ, పైడిలంక

ఒకటో నమోదు, సోమవారం

ఈరోజు మేస్త్రీలు కొరక్కుండా చెట్లకి వల చుట్టడం నేర్చుకున్నాం. మీరు పాఠంలో బీవర్లు అంటారు గానీ మా ఊళ్ళో వాటిని మేస్త్రీలంటాం. అత్తయ్య చిన్నప్పుడు, కొల్లేరు రెండోసారి ఎండిపోయాక, చలిదేశాల నుంచి తెప్పించి మన ఎండకి తట్టుకునేలా వాటి లోపల ఏదో మార్చి వదిలారట. బొచ్చు పల్చన, చెవులు పెద్దవి, పళ్ళు మాత్రం నారింజ రంగులో అలాగే ఉన్నాయి. కనిపించిన కాలవకల్లా అడ్డంగా గోడ కడతాయి. అవి గోడలు కట్టబట్టే నీళ్ళు నిలిచాయి, తుంగ మొలిచింది, గూడబాతులు తిరిగొచ్చాయి. అవి కట్టబట్టే మా వంటిల్లు కూడా ఏడాదికి రెండుసార్లు మునుగుతోంది. ఇది అందరూ ఒప్పుకునేదే.

కొబ్బరిచెట్టుకీ వలకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలని, లేకపోతే మేస్త్రీ వలలోంచే పళ్ళు పెట్టి కొరుకుతుందని మీరు చెప్పారు. ఆ ఖాళీ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటూ చుట్టూ తిరిగి తిరిగి కట్టాను. చివరి ముడి వేశాక చూసుకుంటే చెట్టూ నేనూ ఇద్దరం వల లోపలే ఉన్నాం.

కేకేసి ఎవరినైనా పిలవడానికి సిగ్గేసింది. చెట్టుని పట్టుకుని నిలబడ్డాను. ఎండ నెత్తిమీదికి వచ్చాక పక్కింటి బేబీసరోజిని అక్క పడవ తోసుకుంటూ వచ్చింది. ఆవిడ కూడా మన శిక్షణలోనే ఉంది, మీకు గుర్తుండే ఉంటుంది, ఆవిడ గొంతు మర్చిపోయేది కాదు.

"ఏంటే దుర్గా, లోపలేం చేస్తన్నావ్?"

"ఏం లేదక్కా."

"చెట్టుకి వల కట్టమన్నారు గానీ, చెట్టుకి పెళ్ళాన్ని కట్టమన్లేదే!"

విప్పింది. కానీ ఆ మాట లంకంతా చెప్పింది. ఇప్పుడు అందరూ ఆ చెట్టుని మా ఆయన సవతి అంటున్నారు. చెట్టు మగదో ఆడదో, సవతి ఎవరికి ఎవరవుతారో కూడా ఆలోచించకుండా అంటున్నారు.

రెండో నమోదు, బుధవారం

ఇవాళ్టి పాఠం నాకు బాగా అర్థమైంది. మేస్త్రీకి నీటిని చూస్తే కోపం రాదు, నీటి చప్పుడు వింటే వస్తుంది. ఎక్కడ గలగలమంటే అక్కడ బురదా పుల్లలూ తెచ్చి పూడ్చేదాకా దానికి నిద్ర పట్టదు.

నమ్మకం కలగడానికి మీరు మాటల పెట్టెని పొడినేల మీద పెట్టి దాంట్లో ఏటి చప్పుడు వినిపించారు కదా. మీరు భోజనానికి వెళ్ళాక జరిగింది రాస్తున్నాను. మా వెనక మడుగులో పెద్ద మేస్త్రీ ఒకటుంది. ఒళ్ళంతా ముందు, తోక అరగంట వెనక అన్నట్టు నడుస్తుంది. అది పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. చుక్క నీరు లేని చోట ఆ పెట్టె చుట్టూ తిరిగి, చెవి ఆనించి విని, ఇద్దరూ ఏదో మాట్లాడుకుని పని మొదలుపెట్టారు. బురద, తుంగ, ఒక చీపురు, మా ఆయన లుంగీ, అన్నీ వేసి పెట్టెని పూడ్చేశారు. లోపల్నించి "చెప్పండి, చెప్పండి" అని కాసేపు వినిపించి ఆగిపోయింది.

నేను ఆపవలసింది. ఆపలేదు. లోపల కొంచెం సంతోషం కూడా వేసింది. తప్పయితే మార్కులు తీసేయండి.

మధ్యాహ్నం మూగగొట్టం వేయడం నేర్చుకున్నాం. గొట్టం ఒక చివర మడుగు మధ్యలో బోనులో ఉంటుంది, గోడ కిందుగా దూరి రెండో చివర అవతల తేలుతుంది. చప్పుడు లేకుండా నీళ్ళు దిగిపోతాయి, మేస్త్రీకి తెలియదు, గోడ గోడలాగే ఉంటుంది, వంటిల్లు వంటిల్లులాగే ఉంటుంది. ఎవరినీ చంపక్కర్లేదు. ఇంత మంచి ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ వాళ్ళింట్లో కూడా ఎవరికీ వినపడకుండా పనులు చేసుకునే కోడలు ఉండి ఉంటుంది.

సాయంత్రం పెదమావయ్యగారు వచ్చారు. మా మావయ్యగారి అన్నగారు, లంకకి పెద్ద. బియ్యం కొట్టు స్తంభం మీద ఆయనే దగ్గరుండి ఎర్రగీత గీయించారు. కొట్టులో లంకంతటికీ వానాకాలపు బియ్యం ఉంది.

"వినండమ్మా," అన్నారు. "మీ గొట్టాలు మీరు పెట్టుకోండి, నేనేం అడ్డు రాను. నీళ్ళు ఈ గీత దాటినాయా, మర్నాడు తుపాకి పడవని పిలుస్తా. ఇంక నాతో మాటల్లేవ్."

తుపాకి పడవ మీరు చూశారో లేదో. దాంట్లో మనిషి ఉండడు. బల్లపరుపు తోక ఎక్కడ కనబడితే అక్కడ కాల్చుకుంటూ పోతుంది. పోయినేడు పక్క లంకలో మేస్త్రీలతోపాటు తెడ్లు కూడా కాల్చిందట.

మా మడుగులో ఆ పెద్ద మేస్త్రీ పెళ్ళాం మేస్త్రమ్మకి పోయిన నెల పిల్లలు పుట్టాయి. అరచేతిలో పడతాయి. ఏడుస్తాయి కూడా, అచ్చం మనుషుల పిల్లల్లాగే. ఆ ఏడుపు విని అత్తయ్య "ఎవరింట్లోనే?" అని లేచి కూర్చుంటోంది. ఈ శిక్షణలో నెగ్గితే పైడిలంక మేస్త్రీలకి నన్నే సంరక్షకురాలిగా వేస్తానన్నారు మీరు. నెగ్గకపోయినా ఫరవాలేదు, ఆ పడవ మాత్రం రాకూడదు.

మూడో నమోదు, శుక్రవారం

మేడం, ఒక పొరపాటు జరిగింది. మీ ఆఫీసుదీ కాదు, మాదీ కాదు. అందరిదీ.

గొట్టాల కింది చివర్లకి మూతలున్న తూములు బిగించారు కదా. పక్క లంకవాళ్ళు నీళ్ళు దొంగిలించకుండా అవి గుర్తుమాట చెబితేనే తెరుచుకుంటాయి, పూట గడవగానే వాటంతటవే మూసుకుంటాయి. మొన్న బుధవారం సాయంత్రం బిగించినప్పుడు ఆ తూము "మీ ఇంట్లో ఎవ్వరూ మర్చిపోలేని మాట ఒకటి చెప్పండి" అని అడిగింది. అప్పుడు మగవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. ఇంటి పెద్ద చెప్పాలన్నారు. మా ఆయన గొంతు సవరించుకుని తన పేరు చెప్పారు. అవతలింట్లో సరోజినక్క మొగుడు తన పేరు చెప్పాడు. ఆ చివరి ఇంటాయనా తన పేరే చెప్పాడు. పైడిలంకలో ఏ మగవాడికీ ఇంతకన్నా మర్చిపోలేని మాట తోచలేదు.

ఆ రాత్రే మామూలుగానే అందరూ సముద్రపు కట్ట పనికి వెళ్ళిపోయారు, మా మావయ్యగారితో సహా. అక్కడ ఫోను ఆదివారం ఒక్కసారే అందుతుంది. తూముల దగ్గర మిగిలింది మేం. మా ఊళ్ళో ఏ ఆడదీ మొగుడి పేరు పలకదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. ఎంత తగ్గుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

నిన్న ఉదయం నేను తూము ముందు కూర్చున్నాను.

"గుర్తుమాట చెప్పండి" అంది.

"ఆయనండి" అన్నాను.

"తప్పు."

"మా ఇంటాయనండి."

"తప్పు. ఇంకొక్కసారి తప్పు చెబితే రేపటి వరకు తెరవబడదు."

పరుగెత్తుకుంటూ అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. కన్నతల్లి కదా, కొడుకు పేరు పలకడానికి ఆవిడకి అడ్డేముందని అనుకున్నాను. ఆవిడ బియ్యం చేట పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది.

"ఆడి పేరు ఎవరిది పెట్టామనుకున్నావే? మా మావగారిది. నేను ఈ ఇంటికొచ్చిన కాణ్ణుంచి ఆ పేరు నోట ఎత్తలేదు. కన్నప్పట్నించీ ఆణ్ణి చంటీ అనే పిలుస్తన్నా."

మీ ఆఫీసుకి కబురు పెట్టాను. మాట మార్చాలంటే ఆ మాట మొదట చెప్పిన మనిషే వచ్చి చెప్పాలన్నారు. పెదమావయ్యగారినే అడుగుదామని అత్తయ్య వెళ్ళింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మగాయన, పైగా ఆ పేరు ఆయన తండ్రిది. ఆయన చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టేశారట.

"మా నాయన పేరు తీసుకెళ్ళి గొట్టానికి చెప్పమంటావా?"

అయిపోయింది.

నాలుగో నమోదు, సోమవారం

దారి దొరికింది. కనిపెట్టింది సరోజినక్క.

"నీ మొగుడి పేరు నువ్వు పలక్కూడదు. నేను పలకొచ్చుగా? నా మొగుడి పేరు నువ్వు పలుకు. ఎవరి ఆయుష్షుకీ నష్టం లేదు."

పొద్దున్నే వచ్చి మా తూము ముందు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఆ పేరు అరిచింది. మూత తెరుచుకుంది. ఎవరో ఊళ్ళోవాడి పేరు అన్నట్టే అనేసింది, దాని వెనక ఒక మనిషి ఉన్నాడనే ఆలోచనే లేకుండా. నేను పక్కకి తిరిగి చెంగు నోట్లో పెట్టుకున్నాను.

తర్వాత వాళ్ళ తూముకి వెళ్ళాం. ఆవిడ మొగుడు బుల్లెబ్బాయి, నాకు అన్న వరస. పలకవచ్చు. కానీ నాకు ఏ మగవాడి పేరైనా పలకడమంటే భయమే.

"బుల్లెబ్బాయి" అన్నాను.

"వినపడలేదు."

"బుల్లెబ్బాయి..."

"వినపడలేదు. దయచేసి గట్టిగా చెప్పండి."

"ఏవే, ఆయన చెవిలో చెప్తన్నావా ఏంటి? గట్టిగా అనూ!" అంది సరోజినక్క. చివరికి కళ్ళు మూసుకుని, మా చిన్న మేక తప్పిపోయిందనుకుని అరిచాను. తెరుచుకుంది. సరోజినక్క అప్పుడు ఎటో చూస్తోంది, ముఖం ఎర్రబడింది. అంత గట్టి మనిషికి కూడా.

ఆ కబురు లంకంతా పాకింది. అందరూ సరోజినక్కనే పిలుస్తున్నారు. ఆవిడ ఒక్కదాని పుట్టింటివాళ్ళే వేరే ఊరివాళ్ళు కాబట్టి ఇక్కడ ఎవరి పేరూ ఆవిడకి అడ్డం రాదు. పొద్దున్నే పడవెక్కి ఇంటింటి వెనకా ఆగి మొగుళ్ళ పేర్లు అరుచుకుంటూ పోతోంది. కొత్తగా వచ్చినవాళ్ళు వింటే ఊరి మీదికి తగాదాకి వచ్చిందనుకుంటారు. వినేవాళ్ళు మాత్రం ఎవరి మొగుడి పేరు వచ్చినప్పుడు వాళ్ళు గుమ్మం వెనక్కి వెళ్ళిపోతున్నారు.

నీళ్ళు దిగాయి. ఎర్రగీతకి బాగా కిందికి. మధ్యాహ్నాలు గట్టు వెంట తుంగ, కిక్కిస దుబ్బులు నాటుతున్నాం. మేస్త్రీ పిల్లలు రెండు నేను నాటినవి నాటినట్టే పీకి నా వెనకే పేరుస్తున్నాయి. సాయంత్రానికి నా వెనక చిన్న గోడ తయారైంది. నాకు కోపం రాలేదు. మార్కులకి ఇబ్బందేమో చూడండి.

ఐదో నమోదు, గురువారం

సరోజినక్క గొంతు పోయింది.

మూడు రోజులుగా వాన. మడుగులు నిండుతున్నాయని ఒక్కో తూమూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తెరిపించారు. ఇంతమంది మొగుళ్ళని ఒకే గొంతు ఎంతకని మోస్తుంది? ఇవాళ పొద్దున లంకలో ఉన్న తూములన్నీ తెరిచి, ఆఖరికి మా ఇంటికి వచ్చింది. మా తూము ముందు నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ తెరిచింది. కప్ప మాట్లాడినట్టు ఏదో వచ్చింది.

"వినపడలేదు" అంది తూము.

మాది అందరికన్నా పల్లం. పైవాళ్ళందరి తూములూ తెరుచుకున్నాయి కాబట్టి పైవాళ్ళందరి నీళ్ళూ మా వెనక మడుగులోకే వస్తున్నాయి. బియ్యం కొట్టు మా మడుగుకి అవతలి గట్టున ఉంది.

వాన తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు. అత్తయ్య పిలుస్తోంది, వెళ్తున్నాను.

ఆరో నమోదు, శనివారం

ఇది కొంచెం పొడుగవుతుంది. కాగితం తడిసింది, రాత అందుకే ఇలా ఉంది. మామూలుగా కూడా ఇలాగే ఉంటుందనుకోండి.

నిన్న మధ్యాహ్నానికి గాలి కూడా మొదలైంది. పడవలు కట్టేశారు. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే. అవతల కొట్టు అరుగు మీద పెదమావయ్యగారు గొడుగు పట్టుకుని కూర్చున్నారు, ఒళ్ళో తుపాకి పడవని పిలిచే పెట్టె. నీళ్ళు స్తంభం మీద గీతకి నాలుగు వేళ్ళ కిందికి వచ్చాయి. అంత దూరం నుంచి కూడా ఎర్రగా కనబడుతోంది ఆ గీత.

తూము దగ్గర నేను, అత్తయ్య, మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకున్న సరోజినక్క. సరోజినక్క చేతులతో ఏదో చెబుతోంది, ఆవిడ చేతులు కూడా గట్టిగానే మాట్లాడతాయి.

"ఆగండి," అంది అత్తయ్య. "చంటిగాడు ఆదివారాలు మాట్లాడినవి ఫోన్లో ఉన్నాయిగా. అయ్యి వినిపిద్దాం. ఆడి నోటితో ఆడే చెప్పుకుంటాడు."

ఎంత మంచి ఆలోచనో అనుకున్నాం. తూముకి వినిపించే ముందు మేమే ఒక్కొక్కటీ విన్నాం. "నేనే. అందరూ బాగున్నారా?" "నేనే. ఆవకాయ అయిపోయింది." "నేనేనే, ఇంకెవరనుకున్నావ్?" అన్నిటిలోనూ నేనే, నేనే. ఇంత మర్చిపోలేని పేరు పెట్టుకున్న మనిషి ఇంటికి ఫోను చేసి ఒక్కసారి కూడా దాన్ని పలకలేదు.

అత్తయ్యకి ఓపిక పోయింది. తూము మీదికి వంగి "చంటీ!" అంది.

"తప్పు."

"మా ఆయన్ని కన్నాయన పేరు. నీకు తెలుసు గదా, తెరువు!"

"తప్పు. ఇంకొక్కసారి తప్పు చెబితే రేపటి వరకు తెరవబడదు."

మేస్త్రమ్మ గూడు పైకప్పు ఒక్కటే నీళ్ళ మీద కనబడుతోంది. పెద్ద మేస్త్రీ గోడ వెంట అటూ ఇటూ ఈదుతూ మట్టి మెత్తుతూనే ఉంది, దానికి తెలిసిన పని అదొక్కటే. మేస్త్రమ్మ ఒక పిల్లని నోట కరుచుకుని మా వంటింటి మెట్టు మీద పెట్టింది. వెనక్కి వెళ్ళి రెండోదాన్ని తెచ్చింది. నా వైపు చూసి మళ్ళీ నీళ్ళలోకి దిగింది. కాసేపు చూసుకో అన్నట్టు.

గీతకి ఇంక రెండు వేళ్ళు.

నేను తూము ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈ గాలివాన అక్కడ కూడా ఉంటుంది. ఆయన కట్ట మీద ఉంటారు, సముద్రం పక్కనే. వేరే రోజయితే ఏమో గానీ ఈ రోజు ఆయుష్షులోంచి ఒక పూట తగ్గినా, ఆ పూట ఇదే అయితే?

"నా వల్ల కాదత్తయ్యా," అన్నాను. ఏడుపొచ్చేసింది.

అత్తయ్య నన్ను తిట్టలేదు. నా పక్కన బురదలో కూలబడింది. నీళ్ళ వైపు, కొట్టు వైపు, మెట్టు మీద ముడుచుకున్న పిల్లల వైపు చూసింది.

"ఒసే, ఆడు నాకు కొడుకేనే," అంది. "నా మాట విను. నువ్వు ఆ పేరను. నువ్వంటన్నంతసేపూ నేను పక్కన నూరేళ్ళు, నూరేళ్ళు అంటా. నువ్వు తగ్గించినంత నేను కలుపుతా. లెక్క సరిపోద్ది."

ఆ లెక్కలో తప్పేమీ నాకు కనబడలేదు. సరోజినక్క కూడా తలూపింది.

అత్తయ్య రెండు చెవులూ గట్టిగా మూసుకుంది, మావగారి పేరు వినకూడదు కదా. మూసుకుని మొదలుపెట్టింది, "నూరేళ్ళు! నూరేళ్ళు! నూరేళ్ళు!" చెవులు మూసుకున్నవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. తూము మాత్రం అదంతా గాలివాన హోరే అనుకున్నట్టుంది, తప్పు అనలేదు.

నేను ఆ పేరు అన్నాను.

"వినపడలేదు. దయచేసి గట్టిగా చెప్పండి."

మళ్ళీ అన్నాను.

"నూరేళ్ళు! నూరేళ్ళు!"

"వినపడలేదు."

"అత్తయ్యా, కొంచెం మెల్లిగా!" అన్నాను. ఆవిడకి వినపడలేదు. తూము నా మాటనే గుర్తుమాట అనుకుంటుందేమోనని భయమేసింది, కానీ అది కూడా దానికి వినపడలేదు. నా గొంతు అంత.

ఇంక నాకేదో అయింది మేడం. లేచి నిలబడ్డాను. కొంగు బిగించాను. వాన మీద, గాలి మీద, మా అత్తయ్య నూరేళ్ళ మీద, నేను పుట్టాక ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను:

"కోటిలింగేశ్వర్రావ్!"

సరోజినక్క నోరు తెరిచింది, ఈసారి గొంతు కోసం కాదు. అవతలి గట్టున గొడుగు తిరిగింది. తూము చాలా మర్యాదగా, దానికున్న గొంతంతా పెట్టి అంది:

"కోటిలింగేశ్వర్రావు గారికి స్వాగతం. కోటిలింగేశ్వర్రావు గారి తూము తెరవబడుతోంది. కోటిలింగేశ్వర్రావు గారికి ధన్యవాదాలు."

అత్తయ్య సరిగ్గా అప్పుడే చెవుల మీంచి చేతులు తీసింది. "రామరామ!" అని మళ్ళీ మూసుకుంది. నా నోటి నుంచి మూడుసార్లు, తూము నోటి నుంచి ఇంకో మూడుసార్లు. నూరేళ్ళు ఎన్ని కలపాలో తెలియక ఆవిడ ఇంకా కాసేపు అంటూనే ఉంది.

నీళ్ళు కదిలాయి. కానీ అన్ని నీళ్ళు ఒక్కసారిగా దిగేసరికి మూగగొట్టానికి నోరొచ్చింది. గడగడమని చప్పుడు. గోడ మీదున్న పెద్ద మేస్త్రీ ఆగింది. చెవులు రెండూ లేచాయి. కష్టపడి తెరిపించిన మూతని పూడ్చేయడానికి బురద ఎత్తుకుని బయల్దేరింది, వెనకే పెళ్ళాం, ఎక్కణ్ణుంచో ఇంకో ముగ్గురు బంధువులు.

"అత్తయ్యా, చప్పుడు! ఇంకో చోట దీనికన్నా పెద్ద చప్పుడు కావాలి!"

అత్తయ్య అడగలేదు, ఎందుకని. మా వెనక వరండాలో పీట మీద కూర్చుని, ముందు ఇత్తడి గంగాళం పెట్టుకుని, చెంబుతో నీళ్ళెత్తి పైనుంచి పోయడం మొదలుపెట్టింది. గలగలగల. మేస్త్రీలు ఆగాయి. ఇటు విన్నాయి, అటు విన్నాయి. గంగాళం చప్పుడే నచ్చింది. తిరిగి వరుసగా మా మెట్లెక్కాయి.

"పొయ్యండత్తయ్యా, ఆపకండి!"

"పోస్తన్నానే! ఇయ్యి నా కాళ్ళ మీద మట్టి మెత్తుతున్నాయే!"

"కదలకండి! మీరు కదిలితే అవి కంగారుపడతాయి!"

"నేను కంగారు పడట్లేదనుకున్నావా?"

చీకటి పడేలోపు వాన తగ్గింది. నీళ్ళు గీతకి వేలెడు కింద ఆగి, మెల్లగా దిగడం మొదలుపెట్టాయి. చూసేసరికి మా అత్తయ్య చుట్టూ నడుము ఎత్తున చక్కటి గుండ్రటి గోడ ఉంది. బురద, తుంగ, రెండు గరిటెలు, నా జడకుచ్చులు. మీరు చూపించిన బొమ్మల్లో కూడా అంత నున్నటి పని నేను చూడలేదు. లోపల ఆవిడ, ఒళ్ళో గంగాళం. మేస్త్రమ్మ రెండు పిల్లల్నీ మెట్టు మీంచి తెచ్చి గోడ లోపల, ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద పెట్టి, పని అయిపోయిందన్నట్టు తోకతో ఒక్క చరుపు చరిచింది.

పొద్దున్నే పెదమావయ్యగారు పడవలో వచ్చారు. అత్తయ్య ఇంకా గోడ లోపలే ఉంది. పిల్లలు నిద్రపోతున్నాయి, లేపడం ఇష్టం లేక.

"నిన్న మా నాయన పేరు లంకంతా మోగింది," అన్నారు. "ఎవరమ్మా అది?"

నేను తలుపు వెనక్కి వెళ్ళిపోయాను.

"గాలి, బావగారూ," అంది అత్తయ్య.

ఆయన స్తంభం వైపు చూశారు. గోడ వైపు చూశారు. గోడని వేలితో తట్టి చూశారు.

"గాలికి గొంతు బాగానే ఉంది," అన్నారు. "మా నాయన్ని అంత గట్టిగా పిలిచినోళ్ళు ఆయన బతికుండగా కూడా ఎవరూ లేరు." చేతిలో ఉన్న తుపాకి పడవ పెట్టెని మా అరుగు మీద పెట్టేసి, అత్తయ్యని పైకి లాగడానికి చెయ్యి ఇచ్చారు.

ఏడో నమోదు, ఆదివారం

ఫోను వచ్చింది.

"నేనే," అన్నారు. గొంతు బొంగురుగా ఉంది.

నేను అత్తయ్య వైపు చూశాను. "ఒంట్లో ఎలా ఉందండి?"

"జలుబు. ముక్కు మూసుకుపోయింది."

అత్తయ్య పక్కనుంచి "నూరేళ్ళు" అంది. నేను ఫోను రెండు చేతులతో పట్టుకుని అడిగాను. "ఎప్పట్నించి?"

"పోయిన వారం నించీ. ఏం?"

పోయిన వారం! పేరు అనకముందే! అత్తయ్యా నేనూ ఒకరినొకరు పట్టుకున్నాం. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. ఆవకాయ అడిగారు. వాళ్ళ దగ్గర గాలి వేసిందట గానీ అప్పటికి అందరూ షెడ్డులో పడుకున్నారట. వచ్చే వారం వస్తున్నానన్నారు. తూము బాగా పనిచేస్తోందా అని కూడా అడిగారు. చేస్తోందండి అన్నాను.

మేడం, పరీక్ష కాగితంలో "తూము ఏ గుర్తుమాటతో తెరవబడింది" అని ఒక ప్రశ్న ఉంది. అది నింపకుండా వదిలేశాను. పైన ఆరో నమోదులో ఉంది, అక్కడ చూసుకోండి. నెగ్గించినా నెగ్గించకపోయినా మీ ఇష్టం. ఆయన రాగానే గుర్తుమాట మార్పిస్తాను. అత్తయ్య "గంగాళం" అని పెట్టమంటోంది.

ఇంకొక్క సంగతి మీకే చెబుతున్నాను. సరోజినక్క రోజూ ఆ పేరు అరిచినప్పుడు అది ఎవరిదో పేరులా ఉండేది. నేను అన్నాక నాదిలా ఉంది. నోట్లో చాలా బాగుంది, పొడుగ్గా, చివర కొంచెం బరువుగా. నిన్నట్నించి పిల్లలకి తుంగ వేళ్ళు పెడుతూ, ఎవరూ లేనప్పుడు, వాటి చెవిలో రెండు మూడుసార్లు అన్నాను. చివరిసారి అన్నాక మానేద్దామనుకుని మళ్ళీ అన్నాను. ఆయన వచ్చాక ఆయన ఎదురుగా ఒక్కసారి అనాలని ఉంది. తూము "వినపడలేదు" అన్నట్టు ఆయన కూడా అంటే ఏం చేయాలో తెలియదు.

అందుకని ఈ కాగితాలు మీ ఆఫీసు బీరువాలో పెట్టొద్దు. మార్కులు వేసుకుని పొయ్యిలో పెట్టేయండి. బియ్యం పడవ వాళ్ళకి ఇచ్చి పంపకండి, వాళ్ళు చదువుతారు. మీరే స్వయంగా, ఆ పేరున్న కాగితం ముందు, మిగతావి తర్వాత, బూడిదయ్యేదాకా దగ్గరుండి కాల్చేయండి.

మీ శిక్షణ విద్యార్థిని,
జలదుర్గ